బండల ఫ్యాక్టరీకి సేఫ్టీ సిస్టమ్: ట్రైనింగుకి పోయే ముందు మధుకి

చిరంజీవి మధుకి దీవెనలు.

ఎగుమతి ఆర్డరు కోసం ఐఎస్ఓ 45001, అంటే పనిచోట భద్రతా వ్యవస్థకి ఇచ్చే సర్టిఫికెట్, కావాలని మీ తాడిపత్రి యజమాని ఆ భారం నీ నెత్తిన పెట్టినాడని మీ నాయన చెప్పినాడు. నువ్వు పంపిన మూడు బ్రోచర్లూ చూసినాను. రెండు లీడ్ ఆడిటర్ కోర్సులే. ఐదు రోజులు, చివర్లో పరీక్ష. ఒకరు కట్టిన వ్యవస్థను ఇంకొకరు ఎట్ల తనిఖీ చేయాలో ఆ కోర్సు నేర్పుతుంది. కట్టడం నేర్పదు. రేపు ఎప్పుడైనా పనికొస్తుంది గానీ ఇప్పుడు కాదు. మూడోది అమలు మీద పెట్టిన కోర్సు, దానికి పో. డబ్బు కట్టే ముందు ఫోన్ చేసి ఒకటే అడుగు: వచ్చినవాళ్ళు సొంత ఫ్యాక్టరీ మిషన్ తీసుకుని ప్రమాదాల పట్టిక తయారు చేస్తారా, లేక అందరికీ ఒకే నమూనా ఇచ్చి నింపమంటారా? రెండోదైతే వేరే చోటు వెతుక్కో.

ఏడాది పట్టే ఇండస్ట్రియల్ సేఫ్టీ డిప్లొమా చేయాలా అని కూడా అడిగినావు. చట్ట ప్రకారం సేఫ్టీ ఆఫీసరుగా కూర్చోవాలంటే అది కావాలి. 2020 నాటి కార్మిక భద్రతా కోడ్ లెక్కలో 500 మంది పనిచేసే ఫ్యాక్టరీకి, ప్రమాదకర ప్రక్రియలు ఉంటే 250 మందికి సేఫ్టీ ఆఫీసరు తప్పనిసరి. మీది 60 మంది యూనిట్. ఇప్పుడు తొందర లేదు. ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లో చేరాలనే ఆలోచన ఉంటే మాత్రం ఆ డిప్లొమా లేకుండా గేటు దాటడం కష్టం.

కోర్సుకి ఉత్త చేతుల్తో పోవద్దు. యార్డు గీసిన కాగితం, మిషన్ల జాబితా, ఫస్ట్ ఎయిడ్ డబ్బా పుస్తకం, క్రేన్ పరీక్ష రిపోర్టు తీసుకుపో. ఆ ఫస్ట్ ఎయిడ్ పుస్తకం చిన్నదని తీసేయొద్దు. ఎవరికి ఏ వేలు తెగింది, ఏ మిషన్ దగ్గర, ఏ షిఫ్టులో అని వరసగా చదివితే నీ పట్టిక సగం అక్కడే ఉంటుంది.

ఇక అసలు మాట. 45001లో 4 నుంచి 10 దాకా క్లాజులుంటాయి. సంస్థ పరిస్థితులు, నాయకత్వం, ప్రణాళిక అని వరసగా. ట్రైనరు అదే వరసలో చెప్తాడు, నువ్వూ అదే వరసలో పని మొదలుపెడతావు. అక్కడే అందరూ బోర్లా పడేది. పాలసీ రాసి, ఫ్రేము కట్టించి, ఫైళ్ళకు ట్యాబులు అంటించేసరికి నాలుగు నెలలు గడుస్తాయి, యార్డులో బండల స్టాండు మాత్రం ఎట్లుండేది అట్లే ఉంటుంది. నువ్వు తిరగేసి చెయ్. ముందు యార్డు, తర్వాత మిషన్లు, ఆఖర్న కాగితం.

యార్డుతో ఎందుకంటే, మీ పనిలో ప్రాణం తీసేది బ్లేడు కన్నా బండ. లెక్క వేసి చూడు. 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల ఎత్తు, 2 సెంటీమీటర్ల మందం గ్రానైట్ పలక. ఘనపు మీటరుకు 2,700 కిలోలనుకుంటే ఒక్క పలక 324 కిలోలు. రెండు పక్కలా పలకలు ఆనించి నిలబెట్టే స్టాండుకి ఒక్కో పక్క పది పలకలుంటే మూడు టన్నులకు పైనే. లారీ తొందరలో ఉందని హమాలీలు ఒకే పక్క నుంచి తీసుకుంటూ పోతారు. రెండో పక్క బరువు అట్లే ఉండి స్టాండు ఆ వైపుకి ఒరుగుతుంది. ఇంకోటి, నీళ్ళు, స్లర్రీ (బండ కోసినప్పుడు వచ్చే బురద) ఆరిన పలకలు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. ముందుది లాగితే వెనకది కూడా వస్తుంది. వాటిని విడదీయడానికి ఒకడు గడ్డపార పట్టుకుని మధ్యలో దూరుతాడు. మనిషి పోయేది ఆ మధ్యలోనే.

ట్రైనింగులో ఐదు మెట్లు చెప్తారు: ప్రమాదాన్ని అసలు తీసేయడం, తక్కువ ప్రమాదమున్నది పెట్టడం, ఇంజనీరింగ్ కట్టడి, పని పద్ధతి, చివర్న హెల్మెట్, బూట్లు. దీన్ని స్టాండు దగ్గరే అర్థం చేసుకో. క్రేనుకి పలకని పట్టుకునే క్లాంపు పెట్టి, పలకల మధ్యకి మనిషి పోయే పనే లేకుండా చేస్తే మొదటి మెట్టు. స్టాండు కిందిపట్టీకి రంధ్రాలు వేసి, పలకకి పలకకి మధ్య నిలబడే ఇనుప పిన్నులు దిగేస్తే మూడోది. రెండు పక్కలా సమానంగా తీయడం, పలక ఎత్తు 2 మీటర్లకి జారడానికి ఇంకో మీటరు కలిపి 3 మీటర్ల దూరంలో పసుపు గీత వేసి, పలక కదిలేటప్పుడు గీత లోపల ఎవరూ లేకుండా చూడడం నాలుగోది. హెల్మెట్ ఐదోది. 324 కిలోలు మీద పడితే హెల్మెట్ ఏం చేస్తుందో నువ్వే ఆలోచించు.

పట్టికలో మార్కులు వేసేటప్పుడు ఇదే తప్పు ఇంకో రూపంలో వస్తుంది. ఎంత దెబ్బ తగులుతుంది, ఎన్నిసార్లు జరగొచ్చు అని ఒక్కోదానికి ఐదుకి ఇన్నని మార్కులు వేసి గుణిస్తారు. హెల్మెట్ ఇచ్చినాం, ట్రైనింగ్ ఇచ్చినాం అని దెబ్బ మార్కుని 5 నుంచి 2కి దించేస్తారు. బండ బరువు ట్రైనింగుతో తగ్గదు నాయనా. తగ్గితే జరిగే అవకాశం తగ్గుతుంది, అది కూడా కొంచెమే. దెబ్బ మార్కు తగ్గాలంటే బరువో, ఎత్తో, మనిషి అక్కడ నిలబడడమో, ఏదో ఒకటి మారాలి.

స్లింగుల (బరువుని క్రేను కొక్కానికి తగిలించే తాళ్ళ) సంగతి ట్రైనరు దాటేసినా నువ్వు దాటొద్దు. టన్ను బరువుని రెండు కాళ్ళ స్లింగుతో ఎత్తితే, తాడు నేలకు 60 డిగ్రీల్లో ఉన్నప్పుడు ఒక్కో కాలి మీద సుమారు 580 కిలోలు పడుతుంది. 30 డిగ్రీలకు వంగితే ఒక్కో కాలి మీద టన్నుకి టన్ను. పొట్టి తాడుతో వెడల్పాటి పలకల కట్టను ఎత్తేవాళ్ళకి ఈ లెక్క బొమ్మ గీసి చూపించు.

మిషన్ల దగ్గర తాళం పద్ధతి. పాలిష్ మిషన్ మోటారు విప్పేటప్పుడు ఫ్యూజు పీకి జేబులో వేసుకోవడం తాళం కాదు, ఇంకో ఫ్యూజు అంగట్లో దొరుకుతుంది. మెయిన్ స్విచ్‌కి తాళం, ఒక మనిషికి ఒక తాళం, ఒకే తాళంచెవి, అది ఆ మనిషి దగ్గరే. తాళం వేసినాక స్టార్ట్ బటన్ నొక్కి చూడాలి. ఈ ఆఖరి అడుగు వదిలేస్తారు, తప్పు స్విచ్‌కి తాళం వేసినట్టు అప్పుడు కదా తెలిసేది. పైకెత్తి ఉన్న పాలిష్ హెడ్ కింద దిమ్మె పెట్టడం కూడా ఇందులో భాగమే. కరెంటు ఆగినా బరువు ఆగదు. తడి నేల కాబట్టి చేతి మిషన్ల లైనుకి, కరెంటు లీకైతే లైను ఆపేసే 30 మిల్లీ యాంపుల ఆర్‌సీసీబీ ఉండాలి, దాని టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కాలి.

దుమ్ము గురించి రెండు మాటలు. గ్రానైటులో ఊపిరితిత్తుల్ని పాడుచేసే సిలికా ఎక్కువ, మన నల్లబండ సున్నపురాయి జాతి కాబట్టి అందులో తక్కువ. ఊపిరితిత్తుల్లోకి పోయే సన్నని దుమ్ముకి పాత ఫ్యాక్టరీల చట్టం ఇచ్చిన హద్దు: దుమ్ములోని క్వార్ట్జ్ (సిలికానే) శాతానికి 2 కలిపి, దానితో 10ని భాగించాలి. 30 శాతం ఉంటే ఘనపు మీటరు గాలికి 0.31 మిల్లీగ్రాములు. అంటే కంటికి దుమ్ము కనపడకముందే హద్దు దాటిపోవచ్చు. అంచులు గ్రైండరుతో పొడిగా కొట్టడం మాన్పించి నీళ్ళు పెట్టించు. గుంటలోంచి తీసి ఎండబెట్టిన స్లర్రీ ఆషాఢం గాలికి లేచి మళ్ళీ షెడ్డులోకే వస్తుంది, దాన్ని తడి ఆరకముందే తరలించాలి. మూతికి కట్టుకునే తువ్వాలు మాస్కు కాదు.

లెక్కల్లో ఒక మోసం ఉంది, చెప్తా విను. ప్రమాదాల రేటు అని నేర్పుతారు: మనిషిని పనికి రాకుండా చేసిన ప్రమాదాల సంఖ్యని 10 లక్షలతో గుణించి, పని గంటలతో భాగించడం. 60 మంది, 8 గంటలు, 300 రోజులు అంటే 1,44,000 గంటలు. ఏడాదికి ఒక ప్రమాదమైతే రేటు దగ్గర దగ్గర 7, రెండైతే 14. మరుసటేడు ఒకటి తగ్గిందని సగానికి తెచ్చినాం అని చెప్పుకోవడం నవ్వులపాటు. వేల మంది ఉన్నచోట పనికొచ్చే కొలత అది. పైగా సున్నా ప్రమాదాలు అని బోర్డు పెట్టి బోనస్ ముడిపెడితే, వేలు తెగినోడు గుడ్డ చుట్టుకుని ఇంటికి పోతాడు. నువ్వు త్రుటిలో తప్పినవి లెక్కబెట్టు. పలక జారి ఎవరికీ తగల్లేదు, తాడు పోగు తెగి కనపడింది, ఇట్లాంటివి. ఎన్ని వచ్చినాయి, ఎన్నింటికి పని జరిగింది, ఎన్ని రోజుల్లో. పుస్తకం పెట్టి రాయమంటే ఎవరూ రాయరు. ముఠా మేస్త్రి ఫోన్‌లో ఫోటో పెడితే చాలు, నువ్వు రాసుకో. మొదట చెప్పినోణ్ణి ఎవరైనా తిట్టినారంటే ఇక రెండోది రాదు.

హమాలీలు మస్టర్‌లో లేరని సేఫ్టీ కమిటీలోంచి వదిలేయొద్దు. బండ పడేది వాళ్ళ మీద. రాత్రి షిఫ్టు నుంచి ఒకరు, హిందీ మాట్లాడేవాళ్ళుంటే వాళ్ళలో ఒకరు కూర్చోవాలి. షిఫ్టు ముందు పది నిమిషాలు, మిషన్ దగ్గరే నిలబడి ఒకే సంగతి మాట్లాడండి, ఎండ ఎక్కకముందే.

కాగితం ఆఖర్న. 45001 లావుపాటి మాన్యువల్ అడగదు. రెడీమేడ్ ఫైళ్ళు కొంటే రసాయనాల ట్యాంకు, రియాక్టరు అని బండల ఫ్యాక్టరీలో లేనివన్నీ ఉంటాయి, ఆడిటరు నవ్వుకుంటాడు. చేస్తున్నదే రాయి. రెండు విడతల ఆడిట్ వస్తుంది. దానికి ముందు మీ లోపలి ఆడిట్, యజమాని కూర్చున్న సమీక్ష జరిగుండాలి, కనీసం మూడు నెలల రికార్డు పెట్టుకో. సర్టిఫికెట్ మూడేళ్ళు, ఏటా మళ్ళీ వచ్చి చూస్తారు.

యజమానికి ఒక మాట తెలియాలి: చట్టం ముందు జవాబుదారీ ఆయనే, నిన్ను కోర్సుకి పంపినంత మాత్రాన అది నీ మీదకి రాదు. కాబట్టి పిన్నులకి, తాళాలకి, ఆర్‌సీసీబీలకి అయ్యే ఖర్చు కోర్సు ఫీజు కన్నా ముందు రాతపూర్వకంగా అడుగు.

బయల్దేరే ముందు స్టాండ్లు ఎన్ని, వాటిలో పిన్నులు లేనివి ఎన్ని, క్రేన్ పరీక్ష రిపోర్టు మీద తేదీ ఎంత, ఈ మూడూ నాకు పంపు. ఆ తేదీకి పన్నెండు నెలలు దాటి ఉంటే కోర్సు సంగతి తర్వాత, ముందు క్రేన్ ఆపించు.

ఇట్లు,
మీ పెదనాన్న