లోపలి వరస నట్లు

చిరంజీవి కిరణ్‌కి ఆశీస్సులు.

వేరే ట్రక్కు చక్రాలు నాలుగూ టైర్లతో సహా దొరికాయని, అడాప్టర్లు పెట్టి నీ ట్రక్కుకి వేసేద్దామనుకుంటున్నానని రాశావు. అడాప్టర్ అంటే ఇరుసు చివర చక్రం బిగించే భాగానికీ (హబ్), వేరే బండి చక్రానికీ మధ్య పెట్టే మందపాటి లోహపు బిళ్ల. వేసుకోవచ్చు. నేనూ వేసుకుని చాలా ఏళ్లు నడిపాను. అయితే డబ్బు కట్టే ముందు ఈ ఉత్తరం ఓపిగ్గా చదువు.

"రెండింటికీ ఎనిమిదేసి బోల్టులే మామయ్యా" అన్నావు. లెక్క కలిస్తే సరిపోదురా. ఆ బోల్టుల నడిమధ్యల మీదుగా ఒక వలయం గీస్తే దాని వ్యాసం ఎంతో తెలియాలి. దాన్నే పీసీడీ అంటారు. ఎనిమిది బోల్టుల్లోనే 165.1 మిల్లీమీటర్లవి ఉన్నాయి, ఫోర్డ్ సూపర్ డ్యూటీకి 1999 నుంచి 170 ఉంది, జీఎం పెద్ద పికప్‌లు 2011 మోడళ్ల నుంచి 180కి మారాయి. 165.1కీ 170కీ తేడా అయిదు మిల్లీమీటర్లు కూడా లేదు, కంటికి ఒకేలా కనిపిస్తాయి. నట్లతో లాగి బిగిస్తే కూర్చుంటుందేమో అనిపిస్తుంది. ఆ పని ఎప్పుడూ చేయకు. స్టడ్లు, అంటే హబ్ నుంచి బయటికి ఉండే ఆ బోల్టులు, వంగి, నడుస్తూ నడుస్తూ ఒకరోజు తెగుతాయి. ఆరు, ఎనిమిది రంధ్రాలైతే ఎదురెదురు రంధ్రాల మధ్య నుంచి మధ్యకి కొలిస్తే చాలు. అయిదైతే ఎదురుగా రంధ్రం ఉండదు కాబట్టి, పక్కపక్క రంధ్రాల మధ్య దూరాన్ని 1.701తో గుణించు.

తరవాత హబ్ మధ్యలో ముందుకు వచ్చిన గుండ్రటి అంచుని చూడు. చక్రాన్ని సరిగ్గా నడిమధ్యన కూర్చోబెట్టేది అదే. అడాప్టర్ లోపలి రంధ్రం నీ హబ్ మీద వదులు లేకుండా కూర్చోవాలి, అడాప్టర్ బయటి అంచు కొత్త చక్రం రంధ్రంలో అలాగే కూర్చోవాలి. ఈ రెండింట్లో ఏది కుదరకపోయినా బండి వణుకుతుంది. ఎన్నిసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా ఆ వణుకు పోదు.

మందం విషయంలో తొందరపడకు. స్టడ్లు గల అడాప్టర్ 25 మిల్లీమీటర్ల కంటే పల్చగా ఉంటే నీ హబ్ నట్లు అందులో మునగడానికి చోటు చాలదు. నీ పాత స్టడ్లు అడాప్టర్ దాటి బయటికి వస్తే కొత్త చక్రం దాని ముఖానికి ఆనదు, స్టడ్ల మొనల మీద నిలబడుతుంది. అలాగని మరీ మందంగా తీసుకోకు. 40 మిల్లీమీటర్ల అడాప్టర్ పెడితే చక్రం అంతా బయటికి జరుగుతుంది, బేరింగుల మీద భారం పెరుగుతుంది, గుంతలో పడ్డప్పుడు స్టీరింగ్ చేతిలో గుంజుతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి, రెండు వైపులా టైరు మడ్‌గార్డ్‌కి తగులుతుందేమో చూసుకో. టైరు కూడా పెద్దదైతే స్పీడోమీటర్ తప్పు చూపిస్తుంది. 31 అంగుళాల చోట 33 వేస్తే మీటరు 100 చూపించినప్పుడు నువ్వు 106 మీద ఉంటావు.

బరువు మాట. టైరు పక్క గోడ మీద లోడ్ ఇండెక్స్ అంకె ఉంటుంది: 113 అంటే ఒక్కో టైరు 1150 కిలోలు, 121 అంటే 1450. తేలిక ట్రక్కు టైర్లు తెచ్చి నీ బండికి వేసి, వెనక ఎప్పటిలాగే సామాను నింపితే అవి తట్టుకోవు. రిమ్ము లోపలివైపు కూడా మోయగల బరువు అచ్చువేసి ఉంటుంది, చూడు. టైరు పక్క గోడ మీద DOT అని మొదలయ్యే ముద్రలో చివరి నాలుగు అంకెలు తయారీ తేదీ. 2319 అంటే 2019లో 23వ వారం. ముసలి టైర్లయితే రిమ్ములు మాత్రం ఉంచుకుని టైర్లు కొత్తవి వేయించు.

ఇక నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం. అడాప్టర్ అంటే రెండు వరసల నట్లు. లోపలి వరస అడాప్టర్‌ని హబ్‌కి పట్టి ఉంచుతుంది, బయటి వరస చక్రాన్ని అడాప్టర్‌కి. చక్రం ఎక్కించాక లోపలి వరస నీకు కనిపించదు. మొదటిసారి నేను బయటి నట్లే పానా వేసి చూసుకునేవాణ్ణి, అవి ఎప్పుడూ గట్టిగానే ఉండేవి. కొన్ని వారాలకు వెనక ఎడమ చక్రం దగ్గర టక్ టక్ మని శబ్దం మొదలైంది. సామాను కదులుతోందనుకున్నాను. మర్నాటికి ఇంకా పెరిగితే ఆపి, జాకీ పెట్టి చక్రం తీశాను. లోపల రెండు స్టడ్లు తెగి ఉన్నాయి, మిగతా నట్లు వేళ్లతో తిరుగుతున్నాయి. పక్క సీట్లో మీ అత్తయ్య ఉంది. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

తుప్పే దానికి కారణం. హబ్ ముఖం మీద పొరలా ఉన్న తుప్పు మీదే అడాప్టర్ బిగించాను. నడుస్తుంటే ఆ తుప్పు నలిగి పొడైంది, బిగింపు వదులైంది. కాబట్టి నువ్వు వైర్ బ్రష్‌తో లోహం మెరిసేదాకా రుద్దు. మరలకి నూనె, గ్రీజు రాయకు. రాస్తే అదే టార్క్‌కి, అంటే అంతే తిప్పుడు బలానికి, స్టడ్ అవసరానికి మించి సాగుతుంది. నట్టు ముందు చేత్తో ఎక్కించి చుట్లు లెక్కపెట్టు. 14 మిల్లీమీటర్ల స్టడ్, 1.5 మర (మరకీ మరకీ మధ్య 1.5 మిల్లీమీటర్లు) అయితే కనీసం తొమ్మిది చుట్లు పట్టాలి. నట్టు కూర్చునే చోటు ఏటవాలుగా ఉంటే ఏటవాలు నట్టే, గుండ్రంగా ఉంటే గుండ్రటిదే. ఇంపాక్ట్ గన్‌తో చివరి బిగింపు వద్దు. ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో, టార్క్ రెంచ్‌తో బిగించు. ఎంత టార్క్ అన్నది నీ ట్రక్కు పుస్తకంలోనూ అడాప్టర్ కాగితంలోనూ ఉంటుంది.

80 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక చక్రాలు నాలుగూ తీసి లోపలి నట్లు మళ్లీ బిగించి చూడు. బద్ధకం వేస్తుంది, తెలుసు. అయినా చెయ్యి. ఆ తరవాత టైర్లు మార్చుకున్న ప్రతిసారీ చూడు.

స్టెప్నీకి పాత చక్రమే ఉంచుకుంటే, అది అడాప్టర్ మీద ఎక్కదు. దారిలో అడాప్టర్ విప్పి హబ్ మీదే వేయాలి. దానికి సరిపడే పాత నట్లు, సాకెట్ బండిలోనే పెట్టుకో. టైరు సైజు తేడా ఉంటే అలా ఎక్కువ దూరం నడపకు, ఫోర్‌వీల్ డ్రైవ్ అసలు వేయకు. మీ దగ్గర అడాప్టర్లకి చట్టం ఒప్పుకుంటుందో లేదో, ఇన్సూరెన్స్ వాళ్లు ఏమంటారో కూడా ముందే అడుగు.

ఈ వారంలో రెండు ట్రక్కుల పీసీడీ, మధ్య రంధ్రాల కొలతలు, నీ స్టడ్ల పొడవు, వాటి మర సైజు కొలిచి నాకు పంపు. రిమ్ము లోపలివైపు ఫొటో కూడా తియ్యి. అవి చూశాక ఎంత మందం కావాలో ఇద్దరం కలిసి లెక్కేద్దాం. అప్పటిదాకా ఆర్డర్ పెట్టకు.

మీ మామయ్య