బావ ల్యాప్‌టాప్‌లో మళ్లీ సెవెన్ వేసే ముందు

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. బావ ల్యాప్‌టాప్ విండోస్ టెన్‌తో మొరాయిస్తోందని, మళ్లీ విండోస్ సెవెనే వేసేస్తానని నిన్న ఫోన్‌లో అన్నావు. ఆయన పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు టైపుకి వాడే అనూ ఫాంట్లు సెవెన్‌లో హాయిగా నడిచేవి కాబట్టి నాకూ సరే అనిపించింది. కానీ పని మొదలుపెట్టే ముందు ఈ ఉత్తరం పూర్తిగా చదువు.

డీటీపీ సెంటర్ నడిపే రోజుల్లో నేనొక తప్పు చేశాను. ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారి పద్యాలు, తొంభై పేజీలు, రెండుసార్లు ప్రూఫులు దిద్దించి ఉంచాను. సిస్టం స్లో అయిందని సి డ్రైవ్ ఫార్మాట్ కొట్టి, అందులోదంతా చెరిపేశాను. పనంతా డి డ్రైవ్‌లో ఉందని నా ధీమా. ఆ ఫోల్డర్ మాత్రం డెస్క్‌టాప్ మీద ఉంది. డెస్క్‌టాప్ మీద కనిపించేదంతా సి లోదేనన్న సంగతి ఆ నిమిషాన తట్టలేదు. మాస్టారు ఒక్క మాట అనలేదు. చేతిసంచీలోంచి రాతప్రతి తీసి మళ్లీ నా బల్ల మీద పెట్టారు. ఆ మధ్యాహ్నాన్ని ఇప్పటికీ మర్చిపోలేను.

అందుకే చెబుతున్నాను, పాత డిస్క్ జోలికే వెళ్లకు. 240 జీబీ ఎస్‌ఎస్‌డీ, అంటే హార్డ్‌డిస్క్ కంటే వేగంగా పనిచేసే డిస్క్, ఒకటి కొని, పాత హార్డ్‌డిస్క్ విప్పి, కవర్లో చుట్టి, పైన తేదీ రాసి బీరువాలో పెట్టు. సెవెన్‌ని కొత్తదాని మీద వెయ్యి. ఏ తేడా వచ్చినా పాతది బిగిస్తే సిస్టం ఎలా ఉన్నది అలా వచ్చేస్తుంది. వేగం కూడా బాగా పెరుగుతుంది. ఇప్పుడు డబ్బు సర్దుబాటు కాకపోతే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ మూడింటినీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి ఎక్కించి, ఇంకో సిస్టంలో తెరిచి చూశాకే ఫార్మాట్ మాట ఎత్తు. ఫాంట్లు మర్చిపోకు. అనూ అక్షరాలు అన్ని సిస్టంలలో చదవగలిగే యూనికోడ్ కావు. ఫాంట్ లేకపోతే బావ ముప్పై ఏళ్ల పనీ పిచ్చి గుర్తుల్లా కనిపిస్తుంది.

ల్యాప్‌టాప్ అడుగున స్టిక్కర్ మీద సెవెన్‌ని యాక్టివేట్ చేసే 25 అక్షరాల కోడ్, అదే కీ, ఉంటుంది. దొరక్కపోతే బ్యాటరీ తీసి ఆ గూట్లో చూడు. అక్షరాలు అరిగి ఉంటే ఫోన్ టార్చ్ పక్కనుంచి వేసి ఫొటో తియ్యి. సెవెన్‌లో రకాలున్నాయి; స్టిక్కర్ మీద హోమ్ బేసిక్ అని ఉంటే హోమ్ బేసికే వెయ్యాలి, ప్రొఫెషనల్ వేస్తే ఆ కీ పనిచెయ్యదు. బావ దగ్గరున్న ఒరిజినల్ డీవీడీయే వాడు. నెట్‌లో ఊరికే దొరికే క్రాక్ కాపీల్లో ఎవరేం దూర్చారో తెలియదు, వాటిని ఇంట్లోకి రానివ్వకు. రామ్ 2 జీబీయే అయితే సెవెన్ 32 బిట్ రకం చాలు.

వైఫై, స్క్రీన్ లాంటివాటిని పనిచేయించే డ్రైవర్లు ముందే దింపి వేరే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకో. సెవెన్ ఎక్కగానే వైఫై రాకపోవచ్చు, బొమ్మ పెద్దగా, మొరటుగా కనిపించవచ్చు. టెన్షన్ పడకు, చిప్‌సెట్, ల్యాన్, గ్రాఫిక్స్ వరసగా వేస్తే సర్దుకుంటుంది. డీవీడీని పెన్‌డ్రైవ్‌లోకి మార్చి వేస్తుంటే దాన్ని నీలం రంగు పోర్టులో పెట్టకు. అది యూఎస్‌బీ 3. సెవెన్‌కి దాని డ్రైవర్ సొంతంగా లేదు, మధ్యలో డ్రైవర్ లేదంటూ ఆగిపోతుంది. నల్లదాంట్లో పెట్టు.

పాత డిస్క్ మీదే వెయ్యాల్సి వస్తే ఒక జాగ్రత్త. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నీకు అలవాటైన సి, డి అక్షరాలు అక్కడ ఉండకపోవచ్చు, పార్టిషన్ 1, పార్టిషన్ 2 అనే కనిపిస్తాయి. ఏ డ్రైవ్ ఎన్ని జీబీలో ముందే కాగితం మీద రాసుకుని దాన్ని బట్టి ఎంచుకో.

సెవెన్ ఎక్కాక మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ల మూట సర్వీస్ ప్యాక్ 1, ఆ తర్వాత కేబీ4490628, కేబీ4474419 ప్యాచ్‌లు వెయ్యి. అవి లేకపోతే తర్వాతి అప్‌డేట్లు ఎక్కవు. ఒక్క విషయం బావకి గట్టిగా చెప్పు. 2020 జనవరి 14తో సెవెన్‌కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆగిపోయింది. క్రోమ్ కూడా 109 దగ్గరే నిలిచిపోయింది. బ్యాంకు పని, కరెంటు బిల్లు అన్నీ ఫోన్‌లోనే చేసుకోమను. వీలైతే ఆ ల్యాప్‌టాప్‌కి నెట్టే ఇవ్వకు.

ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టు, ఛార్జర్ పెట్టే ఉంచు. అంతా అయ్యాక బావ చేతే పాత ఫైల్ ఒకటి తెరిపించు. ఏ ఒత్తు ఎక్కడ జారిందో ఆయనకైతే ఇట్టే తెలుస్తుంది. ఆ రోజంతా నేను ఇంట్లోనే ఉంటాను, ఎక్కడ ఆగినా ఫోన్ చెయ్యి.

మీ మామయ్య