పారాగ్లైడర్లు డిజైన్ చేస్తానంటున్నాడు, ఏ బ్రాంచ్‌లో చేర్చాలి?

ప్రశ్న: మాది విజయవాడ. వన్‌టౌన్‌లో బట్టల షాపు ఉంది, మేడ మీద చిన్న కుట్టు యూనిట్ నడుపుతున్నాం. మా అబ్బాయి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. లెక్కలంటే ఇష్టం, మార్కులూ బాగానే వస్తాయి. పోయిన వేసవిలో హిమాచల్ టూర్‌కి వెళ్ళినప్పుడు బీర్‌లో పైలట్‌తో కలిసి పారాగ్లైడింగ్ చేశాడు. అప్పట్నుంచి పోటీల్లో వాడే పారాగ్లైడర్లు డిజైన్ చేసే ఇంజనీర్‌నే అవుతానంటున్నాడు. సీఎస్ఈ మాట ఎత్తితే మొహం ముడుచుకుంటున్నాడు. అసలు అలాంటి ఉద్యోగం ఉందా? ఏ కోర్సులో చేర్చాలి? వాళ్ళమ్మకి ఎగరడం అంటేనే భయం, ఇంట్లో రోజూ అదే టెన్షన్. లక్ష రూపాయల ల్యాప్‌టాప్ కూడా కావాలంటున్నాడు. కొనమంటారా?

జవాబు: ఉద్యోగం ఉందండీ. అయితే చాలా కొద్దిమందికే ఉంది. పోటీ స్థాయి రెక్కలు (పారాగ్లైడర్‌నే ఈ రంగంలో రెక్క అంటారు) తయారుచేసే కంపెనీలు ప్రపంచం మొత్తం మీద వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. దక్షిణ ఫ్రాన్స్‌లో డిజైన్ ఆఫీసున్న ఓజోన్, కొరియా కంపెనీ జిన్, స్పెయిన్‌లో నివియుక్, ఆస్ట్రేలియాలో ఫ్లో, ఇంకా కొన్ని. ఒక్కో కంపెనీలో కూర్చుని రెక్క గీసేవాళ్ళు కొద్దిమందే. క్యాంపస్ ప్లేస్‌మెంట్లో వచ్చే ఉద్యోగం కాదిది. ప్యాకేజీని సాఫ్ట్‌వేర్‌తో పోల్చుకుంటే నిరాశే మిగులుతుంది. అలాగని పిల్లాడి కోరికను కొట్టిపారేయొద్దు. అతను అడుగుతున్న పనిలో సగం మీ మేడ మీదే జరుగుతోంది.

ఎలాగంటారా? పారాగ్లైడర్‌కి లోహపు ఫ్రేము ఉండదు. రెండు పొరల గుడ్డ, మధ్యలో ఆ గుడ్డతోనే కుట్టిన అడ్డుగోడలు, ముందు అంచున గాలి లోపలికి దూరే నోళ్ళు. ఎదురుగాలి లోపలికి తోసుకొచ్చి గుడ్డను ఉబ్బించి విమానం రెక్క ఆకారంలో నిలబెడుతుంది. ఓజోన్ వాళ్ళ ఎంజో 3 అనే పోటీ రెక్కలో అలాంటి గదులు 101. గుడ్డేమో చదరపు మీటరుకి ముప్ఫై, నలభై గ్రాములు తూగే నైలాన్. కంప్యూటర్‌లో గీసిన రెక్క నునుపుగా, వంపులు తిరిగి ఉంటుంది. గుడ్డ మాత్రం తానులోంచి బల్లపరుపుగా వస్తుంది. బల్లపరుపు గుడ్డను ముక్కలు కోసి కుట్టి, గాలి నిండాక సరిగ్గా అనుకున్న వంపు వచ్చేలా చెయ్యాలి. ముందు అంచు దగ్గర వంపు ఎక్కువ కాబట్టి అక్కడ ముడతలు పడతాయి. ముడత పడితే గాలి సాఫీగా జారదు. అందుకని అక్కడ ప్యానెల్‌ని అడ్డంగా కోసి మళ్ళీ కలిపి కుడతారు. రవిక కుట్టేటప్పుడు డార్ట్ ఎందుకు వేస్తారో ఇదీ అందుకే.

పడుగు వైపు లాగితే సాగని గుడ్డ ఏటవాలుగా లాగితే సాగుతుందని మీకు నేను చెప్పక్కర్లేదు. రెక్కలో ఏ ముక్కని ఏ దిశలో కోయాలనేది డిజైనర్ రాసిస్తాడు. తప్పు దిశలో కోస్తే బరువు పడ్డప్పుడు ఆకారం మారుతుంది. కుట్టులో మిల్లీమీటరు తేడా వంద గదుల మీద పేరుకుంటే రెక్క ఒక పక్కకి లాగేస్తుంది. ఓజోన్ రెక్కలు వియత్నాంలోని సొంత ఫ్యాక్టరీలో కుడతారు. గీసే వాళ్ళకీ కుట్టే వాళ్ళకీ మాట కలవకపోతే ఈ వ్యాపారం నడవదు.

ఇక మిగతా సగం గాలి లెక్క. మొదట నేర్చుకునే వాళ్ళ రెక్కలో పొడవుకీ సగటు వెడల్పుకీ నిష్పత్తి ఐదు దగ్గర ఉంటుంది. పోటీ రెక్కలో ఏడున్నర దాటుతుంది. పొడుగ్గా, సన్నగా ఉంటే రెక్క కొసల దగ్గర గాలి సుడి తిరగడం వల్ల పోయే శక్తి తగ్గుతుంది. ఒక మీటరు కిందికి దిగేలోపు పది మీటర్లకు పైగా ముందుకు పోతుంది. కానీ అంత సన్నని గుడ్డ రెక్క ఒక పక్క ముడుచుకుపోతే విప్పుకోవడం కష్టం.

కొసల దగ్గర సుడి ఒక శత్రువైతే, రెండో శత్రువు లైన్లు. పైలట్‌ని రెక్కకి కట్టే ఆ సన్నని దారాలన్నీ గాలిని కోసుకుంటూ పోతుంటే వేగం తినేస్తాయి. ఒకప్పుడు ముందు నుంచి వెనక్కి నాలుగు వరసలుండేవి, తర్వాత మూడయ్యాయి. 2009, 2010 ప్రాంతంలో ఓజోన్ వాళ్ళు రెండే వరసలతో పోటీ రెక్క తెచ్చేసరికి మిగతా కంపెనీలన్నీ ఆ దారి పట్టక తప్పలేదు. లైన్లు తగ్గితే గుడ్డకి ఆధారం తగ్గుతుంది కదా, దానికోసం ముందు అంచులో ప్లాస్టిక్ పుల్లలు దూర్చడం మొదలైంది. ఒకచోట లాభం వస్తే ఇంకోచోట ఖర్చు తేలుతుంది. ఈ బేరం కుదుర్చుకోవడమే డిజైనర్ ఉద్యోగం.

ఆ బేరం బెడిసిన సంవత్సరం ఒకటుంది, మీ అబ్బాయి కచ్చితంగా చదవాలి. 2011లో స్పెయిన్‌లోని పియెద్రాహితాలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఇద్దరు పైలట్లు చనిపోయారు. పోటీ ఆపేశారు. అప్పటిదాకా పోటీల్లో టెస్టింగ్ సర్టిఫికెట్ లేని రెక్కలు కూడా వాడనిచ్చేవారు. ఆ ప్రమాదాల తర్వాత అంతర్జాతీయ సమాఖ్య వాటిని పక్కనపెట్టి, కొన్నాళ్ళకి పోటీ రెక్కల కోసమే సీసీసీ అనే ప్రత్యేక తరగతి పెట్టింది. ఇప్పుడు ఎంత తెలివైన డిజైన్ అయినా ఆ నిబంధనల లోపలే ఉండాలి. యూరప్ ప్రమాణం ప్రకారం రెక్క మీద మోయాల్సిన గరిష్ఠ బరువుకి ఎనిమిది రెట్లు వేసి లాగి చూస్తారు. వాళ్ళమ్మకి ఈ పేరా చదివి వినిపించండి. భయం పోతుందని కాదు, ఈ రంగంలో భయాన్ని లెక్కలోకి తీసుకునే పనిచేస్తారని తెలుస్తుంది.

కోర్సు విషయానికొద్దాం. పారాగ్లైడర్ డిజైన్ అని మన దగ్గర బీటెక్ బ్రాంచ్ లేదు, వెతకొద్దు. కావలసింది ఫ్లూయిడ్ మెకానిక్స్, స్ట్రక్చర్స్, కోడింగ్. ఐఐటీల్లో ఏరోస్పేస్‌గానీ తిరువనంతపురంలోని అంతరిక్ష విద్యాసంస్థ ఐఐఎస్‌టీగానీ దొరికితే రెండో ఆలోచన పెట్టుకోకండి. రెండింటికీ జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకే దారి. ఐఐటీ ఢిల్లీలో టెక్స్‌టైల్ ఇంజనీరింగ్ ఉంది, ర్యాంకు కాస్త వెనకున్నా రావచ్చు. దాన్ని మనవాళ్ళు చిన్నచూపు చూస్తారుగానీ మీ అబ్బాయి కేసులో నాకు అది నిజంగా నచ్చిన ఆప్షన్. అవేవీ రాకపోతే విజయవాడ, గుంటూరు చుట్టుపక్కలే మంచి కాలేజీలో మెకానికల్ చాలు. ఏరోనాటికల్ అని బోర్డు పెట్టిన ప్రతి కాలేజీకీ పరిగెత్తొద్దు. వెళ్ళినప్పుడు విండ్ టన్నెల్ చూపించమనండి. తాళం చెవి ఎవరి దగ్గరుందో వెతుక్కుంటూ తిరిగితే వచ్చేయండి.

మెకానికల్ చదివినా గేట్‌లో ఏరోస్పేస్ పేపర్ రాసి ఎంటెక్‌కి ఆ వైపు మళ్ళొచ్చు. సీఎస్ఈలో బలవంతంగా కూర్చోబెట్టడం మాత్రం నాకు సమ్మతం కాదు. కోడింగ్ ఎలాగూ రావాలి, దానికి డిగ్రీ పేరు అడ్డం కాదు.

రెక్కల కంపెనీలో సీటు దొరక్కపోతే ఏమిటన్నది మీ అసలు బెంగ అనుకుంటాను. మెత్తటి గుడ్డతో ఎగిరే వస్తువులు చేసే చోట్లు ఇంకా ఉన్నాయి. ఆగ్రాలో డీఆర్‌డీఓ వాళ్ళ ఏడీఆర్‌డీఈ ల్యాబ్ ఉంది. విమానం నుంచి జారవిడిచిన 500 కిలోల సరుకును అనుకున్న చోటికి తనంతట తానే నడుపుకుంటూ దిగే వ్యవస్థ చేశారు అక్కడ. దాని పైనున్నది పారాగ్లైడర్‌లాగే గాలితో ఉబ్బే పారాచూట్. గగన్‌యాన్ క్రూ మాడ్యూల్‌ని కిందికి దించే పారాచూట్ల పనిలోనూ ఆ ల్యాబే ఉంది. కాన్పూర్‌లో పారాచూట్లు కుట్టే ప్రభుత్వ సంస్థ పేరేమో గ్లైడర్స్ ఇండియా లిమిటెడ్. ఆ పేరు చూసి మీవాడు ఎగిరి గంతేస్తాడు, అక్కడ పారాగ్లైడర్లు కుడతారనుకుని మోసపోకుండా చూడండి. విదేశాలకి వెళ్ళే ఓపిక ఉంటే నెదర్లాండ్స్‌లోని టీయూ డెల్ఫ్ట్ యూనివర్సిటీలో గాలిపటాలతో కరెంటు తీసే పరిశోధన జరుగుతోంది. ఎంఎస్‌కి అది నేరుగా ఈ విద్యే. జర్మనీలో స్కైసెయిల్స్ కంపెనీ పని కూడా ఇలాంటిదే.

ఎగరడం గురించి. ఎగరని డిజైనర్ మాట ఈ రంగంలో చెల్లదు. ఓజోన్ టెస్ట్ పైలట్ రస్సెల్ ఓగ్డెన్ 2021లో ప్రపంచ ఛాంపియన్. రెక్క గాల్లో ఎలా వణికిందో చేతులకి తెలిసినవాడు చెబితేనే గీసేవాడికి అర్థమవుతుంది. కాబట్టి ఎప్పటికైనా నేర్చుకోవాల్సిందే. కానీ ఇప్పుడు కాదు. బీటెక్ మొదటి ఏడాది సెలవుల్లో బీర్‌లోనో, పుణె దగ్గర కామ్షెట్‌లోనో పీ1, పీ2 అనే మొదటి మెట్ల కోర్సు పద్ధతిగా చేయించండి. స్కూల్ ఎంచుకునేటప్పుడు రిజర్వ్ పారాచూట్ ఇస్తారా, గాలి బాగోలేని రోజు ఎగరనివ్వకుండా ఆపుతారా అని అడగండి. డబ్బు కట్టిన వాళ్ళకి రోజూ ఎగరే గ్యారంటీ ఇచ్చే చోట చేర్పించొద్దు. ఈలోగా రూఫ్ మీదనుంచో, బైక్‌కి కట్టుకునో సొంత ప్రయోగాలు చేస్తానంటే మాత్రం గట్టిగా కోప్పడండి.

ల్యాప్‌టాప్ ఇప్పుడు కొనొద్దు. రెక్కను అడ్డంగా కోస్తే కనిపించే ఆకారం మీద గాలి లెక్క వేసే ఎక్స్‌ఫాయిల్ అనే సాఫ్ట్‌వేర్ 1980ల్లో ఎంఐటీలో రాసింది, ఉచితం. షాపులో బిల్లులు కొట్టే పాత కంప్యూటర్‌లో కూడా నడుస్తుంది. ఎల్ఈపారాగ్లైడింగ్ అని ఇంకోటి ఉంది, అదీ ఉచితమే. కొలతలిస్తే ఒక్కో ప్యానెల్ ప్యాటర్న్ గీసి ఇస్తుంది. ఎంట్రన్స్‌లు అయిపోయాక ఒక నెల టైమివ్వండి. మనిషి వేలాడని, చేత్తో పట్టుకుని ఎగరేసే చిన్న రెక్క ఒకటి గీసి, మీ టైలర్ మాస్టర్ పక్కన కూర్చుని తనే కోసి, తనే కుట్టమనండి. గొడుగు గుడ్డ చాలు. రెండు మూడు సార్లు కుట్టు విప్పి మళ్ళీ కుట్టాడంటే, కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టేముందు ఆ రెక్క ఫొటోలు, ర్యాంకు కార్డు పట్టుకుని ఇద్దరూ రండి. ఆ ఫొటోలు చూశాక ల్యాప్‌టాప్‌కి ఎంత పెట్టొచ్చో మాట్లాడుకుందాం.