సమాధానం: బైబర్‌మన్ కెరీర్‌లో ఆ పదేళ్ల ఖాళీ ఎందుకు?

1944 తర్వాత అమెరికన్ దర్శకుడు హెర్బర్ట్ బైబర్‌మన్ డైరెక్ట్ చేసిన సినిమా మళ్లీ 1954లోనే కనిపిస్తోందని, గూఢచర్యం కేసేమోనని అడిగారు కదండీ. కాదు, దయచేసి సెమినార్ పేపర్‌లో అలా రాయకండి. 1947లో అమెరికన్ కాంగ్రెస్ కమిటీ కమ్యూనిస్టువా అని అడిగితే ఆయన జవాబివ్వలేదు. కేసు కాంగ్రెస్ ధిక్కారం, శిక్ష ఆరు నెలల జైలు. ఇలా జవాబివ్వక శిక్ష పడ్డ పదిమంది సినిమావాళ్లను హాలీవుడ్ టెన్ అంటారు, వాళ్లలో ఆయనొకరు. స్టూడియోలు తలుపులు మూసేశాయి. ఆస్కార్ అందుకున్న ఆయన భార్య గేల్ సాండర్‌గార్డ్‌కూ అదే గతి.

నన్నడిగితే పేపర్‌ను 1954 నాటి ఆయన సినిమా 'సాల్ట్ ఆఫ్ ది ఎర్త్'తో మొదలుపెట్టండి. న్యూ మెక్సికోలో జింకు గని కార్మికుల సమ్మె కథ అది. సమ్మెలో ఉన్న కార్మికులు పికెటింగ్ (గని ముందు నిలబడి అడ్డుకోవడం) చేయకూడదని కోర్టు ఆర్డరిచ్చింది. ఆర్డర్ కార్మికులకే కదా, భార్యలకు కాదుగా! ఆడవాళ్లే వచ్చి నిలబడ్డారు. జైలుకూ వెళ్లారు. సినిమాలో హీరో కూడా నటుడు కాదు, ఆ గని కార్మికుల యూనియన్ నాయకుడే. హీరోయిన్ రొసౌరా రెవ్వెల్టాస్‌ను షూటింగ్ మధ్యలోనే అరెస్టు చేశారు. ఆమె మెక్సికో వెళ్లిపోవాల్సి వచ్చింది. పూర్తయ్యాక వేయడానికి థియేటర్లు చాలా కొద్దిగానే దొరికాయి. అదే సినిమా 1992లో అమెరికా నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీలో, అంటే భద్రపరచాల్సిన సినిమాల జాబితాలో చేరింది. అది చూడ్డానికి ఆయన లేరు, 1971లోనే పోయారు.