సోమవారం సంతకం పెట్టకు

అమ్మాయీ,

నీ నవల నిన్న రాత్రి పూర్తిచేశాను. 11వ అధ్యాయంలో, ఏం రాసుందో తెలియని కాగితం మీద ఆ తల్లి వేలిముద్ర వేసి, సిరా తుడుచుకుంటూ 'అయిపోయిందా బాబూ?' అని అడుగుతుందే, అక్కడ ఆగిపోయి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

తర్వాత నువ్వు జతచేసిన ప్రచురణ ఒప్పందం కాగితాలు తీశాను. అప్పట్నుంచీ మనసు మనసులో లేదు. 'సోమవారం సంతకం పెడుతున్నాను, అన్నీ చిన్న అక్షరాలు, పూర్తిగా చదవలేదు' అని రాశావు. ఆ తల్లిని రాసిన చెయ్యేనా ఇది?

నాలుగో షరతు చూడు. 'సర్వహక్కులూ శాశ్వతంగా ప్రచురణకర్తవే.' నా మొదటి నవల నేనూ అలాగే ఇచ్చేశాను. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు, అచ్చులో పేరు చూసుకోవాలన్న ఆత్రం. కొంత మొత్తం చేతిలో పెట్టారు, సంతకం చేశాను. పుస్తకం నాలుగుసార్లు అచ్చయింది. నాకు ఇంకేమీ రాలేదు, అది కూడా సరే అనుకున్నాను. కానీ వేరే భాషలోకి అనువదించుకుంటానని ఒకాయన అడిగితే, 'నా పుస్తకం మీద నాకు హక్కు లేదండీ' అని జవాబు రాయాల్సి వచ్చింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

హక్కు ఎవరో దయతలచి ఇచ్చేది కాదు. రచయితల హక్కుల కోసం దేశాలు చేసుకున్న 1886 నాటి బెర్న్ ఒప్పందంలో చేరిన చోట్ల, రిజిస్టర్ చేయించినా చేయించకపోయినా, రాసిన రచనకి కాపీరైట్ పుడుతుంది. ఐఎస్‌బీఎన్ ఉంటేనే హక్కు వస్తుందని వాళ్లు నీకు చెప్పడం తప్పు. ఆ 13 అంకెలు పుస్తకాన్ని గుర్తుపట్టడానికే.

అచ్చు హక్కు వేరు, అనువాదం వేరు, ఆడియో వేరు, ఈ-బుక్ వేరు, సినిమా వేరు. వాళ్లు చేయగలిగిన దానికి మాత్రమే హక్కు ఇవ్వు, అదీ ఇన్నేళ్లకని రాయించి. పుస్తకం అచ్చులో లేకపోతే హక్కులు నీకు తిరిగి రావాలి. ఇక్కడో మెలిక ఉంది. ప్రింట్ ఆన్ డిమాండ్‌లో అడిగినవాళ్లకి ఒక్క కాపీ అయినా వేసిస్తారు, కాబట్టి 'అచ్చులో లేదు' అనే రోజు ఎప్పటికీ రాదు. అందుకని ఏడాదికి ఇన్ని కాపీల కంటే తక్కువ అమ్ముడైతే హక్కు వెనక్కి అని అంకె వేయించు.

పది శాతం రాయల్టీ అని మురిసిపోయావు. దేని మీద? ధర 100 అనుకో. అట్ట మీది ధర మీదయితే నీకు 10. షాపులకీ డిస్ట్రిబ్యూటర్లకీ సగం పోగా మిగిలిన దాని మీదయితే 5. నీ కాగితాల్లో ఉన్నది రెండోది.

తొమ్మిదో షరతు అన్నిటికంటే ఘోరం. 300 కాపీలు నువ్వే కొనాలట. నీ దగ్గరే డబ్బు వచ్చేశాక, పాఠకుడి దాకా వెళ్లాల్సిన అవసరం వాళ్లకేముంది?

అడిగితే నొచ్చుకుంటారని నీ టెన్షన్. నా రెండో పుస్తకం అప్పుడు లెక్కలు అడిగితే ఒక సంపాదకుడు 'సాహిత్యం వ్యాపారం కాదు' అన్నాడు. కాగితం కొట్టుకీ, ప్రెస్సుకీ, బైండర్‌కీ ఆయన లెక్క ప్రకారం డబ్బు కట్టేవాడు. రాసినవాళ్లకి మాత్రం ఆ మాట చెప్పేవాడు. ఇన్నేళ్లయినా తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఆవిష్కరణ సభ, ట్రైలర్, రీల్స్ గురించి రెండు పేజీలు రాశావు. ఈ మధ్య అందరూ పుస్తకం కంటే ముందు దాని హడావుడి రాసుకుంటున్నారు. వాటి జోలికి నేను పోను.

సోమవారం వెళ్లకు. నాలుగు, తొమ్మిది షరతులు మార్చి పంపమని ఉత్తరం రాయి, నోటిమాటగా వద్దు. కుదరదంటే రాతప్రతి వెనక్కి తెచ్చుకో. కొత్త కాగితాలు వస్తే ఫొటోలు తీసి పంపు, ఫోన్లో ఇద్దరం ఒక్కో లైనూ చదువుదాం.