మనోభావాలు దెబ్బతిన్నాయని జైల్లో పెట్టే చట్టం మనకు ఉండాలా?

అడిగిన ప్రశ్న ఇది: ఇన్ని మతాలున్న సెక్యులర్ దేశంలో దేవుణ్ణో, ప్రవక్తనో, గురువునో తూలనాడినవాళ్లకు జైలుశిక్ష వేసే చట్టం ఉండాలా? తీసేస్తే గొడవలు పెరగవా?

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మనుషుల్నీ, వాళ్ల ప్రార్థనా స్థలాల్నీ కాపాడే సెక్షన్లు ఉండి తీరాలి. మనోభావాలను కాపాడే సెక్షన్ మాత్రం పోవాలి. మన చట్టంలో ఈ రెండు రకాలూ పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి చాలామంది వాటిని కలిపేసి మాట్లాడుతుంటారు.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) తీసి చూడండి. గుడినో, మసీదునో, పవిత్రంగా చూసుకునే వస్తువునో ధ్వంసం చేస్తే 298. పూజో ప్రార్థనో జరుగుతుంటే అల్లరి చేస్తే 300. శ్మశానంలో చొరబడి అవమానిస్తే 301. ఇవన్నీ బీఎన్‌ఎస్‌కు ముందున్న 1860 నాటి శిక్షాస్మృతి ఐపీసీలోనే ఉన్నాయి, అన్ని మతాలకూ ఒకేలా వర్తిస్తాయి. వీటితో నాకు పేచీ లేదు. పేచీ అంతా 299తోనే, అంటే ఐపీసీలోని పాత 295ఏ: మతాన్ని అవమానించి మనోభావాలు దెబ్బతీస్తే శిక్షించే సెక్షన్.

అది 1860 నాటిది కాదు, 1927లో వచ్చి చేరింది. లాహోర్‌లో ప్రవక్త మీద ఒక చిన్న పుస్తకం అచ్చయింది. ప్రచురణకర్త రాజ్‌పాల్ మీద ఐపీసీ 153ఏ (వర్గాల మధ్య వైరం రెచ్చగొట్టడం) కింద కేసు పెట్టారు. చనిపోయిన మతగురువును విమర్శించడం రెండు వర్గాల మధ్య వైరం రెచ్చగొట్టడం కిందికి రాదని హైకోర్టు అతణ్ణి విడిచిపెట్టింది. దాంతో ఆందోళనలు చెలరేగాయి, అదే ఏడాది కేంద్ర శాసనసభ కొత్త సెక్షన్ తెచ్చింది. చరిత్ర రాసేవాళ్లకూ, నిజాయితీగా మతాన్ని విమర్శించేవాళ్లకూ రక్షణ ఉండాలని జిన్నా అప్పుడే హెచ్చరించాడు. చట్టం వచ్చాక కూడా రాజ్‌పాల్ ప్రాణం దక్కలేదు, 1929లో అతణ్ణి పొడిచి చంపారు. చట్టం ఉంటే కోపం చల్లారుతుందనేవాళ్లు ఈ తేదీల వరుస ఒక్కసారి చూడాలి. మొదట రెండేళ్లున్న శిక్షను 1961లో మూడేళ్లకు పెంచారు.

రాతలో చూస్తే సెక్షన్ ఇరుకైనదే. ‘ఉద్దేశపూర్వకంగా, ద్వేషబుద్ధితో’ అన్న మాటలు రెండూ రుజువు కావాలి. 1957లో రామ్‌జీ లాల్ మోదీ కేసులో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది కూడా ఆ రెండు మాటల బలం మీదే. తెలియక, నిర్లక్ష్యంగా అన్న మాట దీని కిందికి రాదు. మరి చిక్కు ఎక్కడ? ద్వేషబుద్ధి ఉందో లేదో తేలేది విచారణ చివర్లో. సెక్షన్ మాత్రం కాగ్నిజబుల్ (వారెంటు లేకుండానే అరెస్టు చేయొచ్చు), నాన్‌బెయిలబుల్ (బెయిలు హక్కుగా రాదు, కోర్టు ఇస్తేనే). ఫిర్యాదు అందిన రోజే స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్ కట్టి మనిషిని తీసుకెళ్లొచ్చు.

మనకు బాగా దగ్గరి ఉదాహరణ అనంతపురం కేసు. 2013 ఏప్రిల్‌లో ఒక బిజినెస్ పత్రిక ముఖచిత్రంగా ధోనీని విష్ణుమూర్తిలా గీసింది. ఎన్నో చేతులు, ఒక్కో చేతిలో అతను ప్రచారం చేసే సరుకొకటి, వాటిలో ఒక బూటు కూడా. ఆ బూటు దగ్గరే వచ్చింది తంటా. అనంతపురం మేజిస్ట్రేటు కోర్టులో ప్రైవేటు కంప్లయింటు పడింది, సమన్లు వెళ్లాయి, నాన్‌బెయిలబుల్ వారెంటు దాకా పోయింది. చివరికి 2017 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు ద్వేషబుద్ధి ఆనవాలే లేదని కొట్టేసింది. నాలుగేళ్లు పట్టింది. ధోనీకి ఢిల్లీలో పెద్ద లాయర్లున్నారు. మండల కేంద్రంలో ఫోన్లు రిపేరు చేసుకునే కుర్రాడు వాట్సాప్‌లో ఏదో ఫార్వర్డ్ చేశాడనుకోండి, వాడికి ఆ నాలుగేళ్లంటే వాయిదాలు, బస్సు చార్జీలు, సీజైన ఫోను, రాని పాస్‌పోర్టు.

ప్రభుత్వ అనుమతి ఉండాలిగా, అదే కాపాడుతుందని కొందరంటారు. కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 217 (పాత సీఆర్‌పీసీ 196) ప్రకారం 299 కేసును కోర్టు కాగ్నిజెన్స్‌లోకి, అంటే విచారణకు, తీసుకోవాలంటే రాష్ట్ర లేదా కేంద్ర ప్రభుత్వం ముందస్తు అనుమతి ఇవ్వాలి. నిజమే. కానీ ఆ అడ్డు కోర్టు కాగ్నిజెన్స్ దగ్గరే గానీ ఎఫ్‌ఐఆర్, అరెస్టు, రిమాండ్ దగ్గర కాదని 2006లో పాస్టర్ రాజు కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. అంటే మనిషి ముందు జైలుకెళ్తాడు, అతని మీద కేసు నడపొచ్చా లేదా అని ప్రభుత్వం తర్వాత ఆలోచిస్తుంది. పైగా అనుమతి ఇచ్చేది అధికారంలో ఉన్న పార్టీ. ఎవరి మనోభావాలకు వేగంగా అనుమతి వస్తుంది, ఎవరి ఫైలు మూలన పడుతుందన్నది ఓట్ల లెక్క అయిపోతుంది. సెక్యులర్ రాజ్యానికి ఇంతకంటే హాని ఏముంటుంది?

ఇదే 1860 కోడ్ పాకిస్తాన్‌కూ దక్కింది. వాళ్లు 1982లో 295బీ (ఖురాన్‌ను అపవిత్రం చేయడం), 1986లో 295సీ (ప్రవక్తను అవమానించడం) చేర్చారు. 295సీలో ద్వేషబుద్ధి అన్న మాటే లేదు, శిక్ష మరణం. 2009లో పొలంలో పండ్లు కోస్తుండగా తాగే నీళ్ల దగ్గర జరిగిన మాటామాటా ఆసియా బీబీ అనే క్రైస్తవ కూలీని ఉరిశిక్ష దాకా తీసుకెళ్లింది. 2018 అక్టోబరు 31న నిర్దోషిగా తేలేసరికి ఆమె తొమ్మిదేళ్లు జైల్లో ఉంది. ఆమె తరఫున మాట్లాడిన పంజాబ్ గవర్నర్ సల్మాన్ తాసీర్‌ను 2011 జనవరిలో సొంత అంగరక్షకుడే కాల్చి చంపాడు. మన దగ్గరా శిక్ష పెంచాలని అడిగేవాళ్లు ఉన్నారు, అందుకే ఇది చెబుతున్నాను.

అయితే విద్వేష ప్రసంగాన్ని వదిలేయాలా? అక్కర్లేదు. వర్గాల మధ్య వైరం రెచ్చగొడితే బీఎన్‌ఎస్ 196 (పాత 153ఏ) ఉంది, దాడికి పురిగొల్పితే వేరే సెక్షన్లున్నాయి. అక్కడ హాని మనిషికి, దాన్ని సాక్ష్యంతో కొలవొచ్చు. నా మనసు ఎంత నొచ్చిందో కొలిచే సాక్ష్యం ఏ కోర్టులోనూ దొరకదు. దొరకదు కాబట్టి రోడ్డు మీద ఎంతమంది కూర్చున్నారన్నదే కొలత అవుతుంది.

సెక్షన్ పోయేదాకా, ఇందులో ఇరుక్కున్నవాళ్లకు పనికొచ్చేవి కొన్ని. కంగారులో పోస్టు డిలీట్ చేయకండి, సాక్ష్యం చెరిపేశాడని దాన్నే మీ మీద వాడతారు. ముందూ వెనకా ఉన్న మొత్తం సంభాషణ తేదీలతో సహా భద్రపరచండి, ద్వేషబుద్ధి లేదని చూపేది ఆ సందర్భమే. శిక్ష మూడేళ్లే కాబట్టి ఏడేళ్ల లోపు నేరాలకు వర్తించే నోటీసు (బీఎన్‌ఎస్‌ఎస్ 35(3), మనవాళ్లు ఇంకా 41ఏ అనే అంటారు) మామూలుగా మీకు ఇవ్వాలి. ఇస్తే తప్పకుండా హాజరవండి, ఎగ్గొడితే అరెస్టుకు కారణం మీరే ఇచ్చినట్టు. ఎఫ్‌ఐఆర్‌కు ముందు డీఎస్పీ అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణకు బీఎన్‌ఎస్‌ఎస్ 173(3) వీలిస్తుంది. మాటలకు, రాతలకు సంబంధించిన ఇలాంటి కేసుల్లో పోలీసులు దాన్ని వాడుకోవడం మంచిదని 2025 మార్చిలో ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు ప్రతి ఒకటి లాయరు చేతిలో పెట్టండి. ఛార్జిషీటు పడ్డాక మొదట వెతకాల్సింది అనుమతి ఉత్తర్వు. అది లేకుండా కాగ్నిజెన్స్ తీసుకుంటే హైకోర్టులో బీఎన్‌ఎస్‌ఎస్ 528 కింద క్వాష్ పిటిషన్‌కు (కేసు కొట్టేయమని వేసేది) ఆ ఒక్క కారణమే గట్టిది. ఒకే పోస్టు మీద నాలుగు జిల్లాల్లో నాలుగు ఎఫ్‌ఐఆర్‌లు కడితే, ఒకే ఘటనకు రెండో ఎఫ్‌ఐఆర్ చెల్లదన్న 2001 నాటి టీటీ ఆంటోనీ తీర్పు చూపించి అన్నీ ఒకే చోట కలపమని అడగండి.