అప్పీలు కొట్టివేశారు, గడువు మాత్రం ఇంకా ఉంది

సందేహం: నేను అమెరికా సైన్యంలో పనిచేసి బయటికి వచ్చి, టెక్సస్‌లో ఉంటున్నాను. సర్వీసులో పట్టుకున్న నడుము నొప్పికి మాజీ సైనికుల వ్యవహారాలు చూసే వెటరన్స్ అఫైర్స్ శాఖ (వీఏ) 10 శాతం వైకల్యమే ఇచ్చింది. హయ్యర్ లెవెల్ రివ్యూ (పై స్థాయి అధికారి పునఃపరిశీలన) కోరాను. జవాబు రాకపోవడంతో ఆగలేక, బోర్డ్ ఆఫ్ వెటరన్స్ అప్పీల్స్‌కు కూడా అప్పీలు పంపాను. ఆ తర్వాత రివ్యూలోనూ 10 శాతమే ఖాయం చేశారు. అది జరిగి ఎనిమిది నెలలైంది. గత నెల బోర్డు నా అప్పీలును కొట్టివేసింది. ఇక నా కేసు ముగిసినట్టేనా?

సమాధానం: ముగియలేదు. మీ నడుము ఎంత దెబ్బతిన్నదన్న ప్రశ్న జోలికి బోర్డు వెళ్లలేదు. మీరు అప్పీలు వేసిన సమయం సరికాదని మాత్రమే తేల్చింది. 2019 ఫిబ్రవరి 19 నుంచి అమల్లో ఉన్న విధానంలో, వీఏ నిర్ణయం నచ్చనివారు ఏడాదిలోగా సప్లిమెంటల్ క్లెయిమ్ (కొత్త ఆధారాలతో మళ్లీ చేసే దరఖాస్తు), హయ్యర్ లెవెల్ రివ్యూ, బోర్డు అప్పీలు అనే మూడింటిలో ఒకదాన్ని ఎంచుకోవచ్చు గాని, ఒకే అంశంపై ఒకేసారి రెండింటిని నడపడానికి వీల్లేదు. రివ్యూ తేలకముందే మీ అప్పీలు చేరినట్లయితే కొట్టివేత చట్టప్రకారమే జరిగింది.

అందుకే ముందుగా తేదీలు సరిచూసుకోండి. పోస్టులో పంపిన అప్పీలుకు కవరుపై పడిన ముద్ర తేదీయే లెక్క. ఆ తేదీ రివ్యూ నిర్ణయం తర్వాతదైతే బోర్డుదే పొరపాటు. అప్పుడు 120 రోజుల్లోగా, బోర్డు నిర్ణయాలపై అప్పీళ్లు వినే కోర్ట్ ఆఫ్ అప్పీల్స్ ఫర్ వెటరన్స్ క్లెయిమ్స్‌కు వెళ్లవచ్చు. లేదంటే అక్కడికి వెళ్లి కాలం వృథా చేసుకోవద్దని నా సలహా.

రివ్యూ నిర్ణయం మీకు కొత్తగా ఏడాది గడువు ఇచ్చింది, అందులో ఇంకా నాలుగు నెలలున్నాయి. ఆ నిర్ణయంపై మళ్లీ రివ్యూ కోరలేరు. ఫారం 10182తో బోర్డుకు గాని, ఫారం 20-0995తో సప్లిమెంటల్ క్లెయిమ్‌కు గాని వెళ్లాలి. నడుము కేసుల్లో నేను సాధారణంగా రెండోదాన్నే ఇష్టపడతాను, ఎందుకంటే శాతం ఎక్కువగా ఆధారపడేది ముందుకు ఎన్ని డిగ్రీలు వంగగలరన్న కొలతపైనే. 60 డిగ్రీలు దాటి 85 వరకు వంగితే 10 శాతం, 30 దాటి 60 వరకైతే 20, 30 లేదా అంతకన్నా తక్కువైతే 40 శాతం. నొప్పి తగ్గి ఉన్న రోజున పరీక్ష జరిగితే కొలత మీకు ప్రతికూలంగా రావడంలో ఆశ్చర్యం లేదు. అయితే నొప్పి తిరగబెట్టినప్పుడు కదలిక ఎంత తగ్గుతుందో, ఆ రోజు మీకు నొప్పి లేకపోయినా, రికార్డులను, మీ మాటలను బట్టి వైద్యుడు అంచనా వేయాలని ఆ కోర్టు 2017లో షార్ప్ వర్సెస్ షుల్కిన్ కేసులో చెప్పింది. కాబట్టి మీ సొంత వైద్యుడి చేత కోణమాపకంతో కొలిపించి, తిరగబెట్టినప్పటి స్థితిని కూడా రాయించుకోండి. నొప్పి కాలిలోకి పాకుతుంటే ఆ నరాల బాధకు విడిగా శాతం ఇస్తారు. దాన్ని తప్పక రాయించండి.

ఈ నాలుగు నెలలు దాటితే పరిహారం మొదటి క్లెయిమ్‌కు వర్తించిన తేదీ నుంచి కాక, కొత్త దరఖాస్తు అందిన తేదీ నుంచే లెక్కిస్తారు. 2025 పట్టికలో ఒంటరి వెటరన్‌కు 10 శాతానికి నెలకు 175.51 డాలర్లు, 40 శాతానికి 774.16 డాలర్లు ఉండేవి కనుక, పోయే బకాయి చిన్నదేమీ కాదు. వీఏ గుర్తింపు ఉన్న వెటరన్ల సంఘాల ప్రతినిధులు ఫారాలు నింపడానికి ఫీజు తీసుకోరు. సప్లిమెంటల్ క్లెయిమ్ తేలేవరకు, ఎంత ఆలస్యమైనా సరే, అదే అంశంపై బోర్డుకు ఏమీ పంపకండి.